పెదనాయన మిద్దె, నా లెక్క

ఒక తప్పును సరిదిద్దడానికి మాత్రమే ఇది రాస్తున్నాను. గత నెలలో మా కర్నూలు పాతబస్తీలో ఒక పాత ఇంటి స్థలంలో అయిదంతస్తుల దుకాణాల భవనం లేవబోతున్నదని పత్రికలో వార్త వచ్చింది. వార్త పక్కనే ఆ స్థలం పూర్వచరిత్ర అంటూ పెట్టె కట్టి నాలుగు వాక్యాలు వేశారు. రాజధాని రోజుల్లో ఆ ఇంట్లో ప్రభుత్వ రికార్డుల కచేరి ఉండేదనీ, పైకప్పు సంగతి తెలిసీ యజమాని అద్దె ఆశతో దానిని దాచిపెట్టాడనీ, ఒక వానాకాలంలో ఆ గుట్టు బయటపడి ఉద్యోగులు వీధిలోకి పరుగెత్తవలసి వచ్చిందనీ వాటి సారాంశం. రాసిన యువకుణ్ణి నేను తప్పుపట్టను. అతడు పాత నివేదిక చూసి రాశాడు, నివేదికలో అలాగే ఉంది. ఆ యజమాని మా పెదనాయన. ఆయన అద్దె ఆశతో దేనినీ దాచలేదు. ఆ సంగతి ఎరిగినవారిలో నేనొక్కణ్ణే మిగిలాను గనుక, ఎనభై దాటిన చేతితో, వరుస తప్పకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కర్నూలు రాజధాని అవుతుందని తెలిసేనాటికి ఊళ్ళో కప్పు ఉన్న ప్రతి చోటా ఎవరో ఒకరు కాపురముంటున్నారు. ప్రభుత్వం మాత్రం పెట్టెలతో, బీరువాలతో, గుమాస్తాలతో, గుమాస్తాల కుటుంబాలతో మద్రాసులో రైలెక్కి వచ్చేస్తున్నది. మైదానాల్లో డేరాలు లేచాయి. డేరాల్లో కుర్చీలు, కుర్చీల్లో అధికారులు, అధికారుల మీద దుమ్ము. ఏ కాగితం మీద వేలు పెట్టి గీసినా గీత పడేది. హోటళ్ళలో కాఫీకి వరుస కట్టారు. మా ఊరివాళ్ళు కాఫీ కోసం వరుసలో నిలబడడం నేను అదే మొదటిసారి చూడడం, ఆ దృశ్యం నాకెంతో తృప్తి కలిగించింది. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా ముగించి, కట్టడాల శాఖలో సూపర్వైజరుగా చేరి ఏడాది కాలేదు. జేబులో స్కేలు, చంకలో కొలతల పుస్తకం, మనసులో ఈ దేశానికి కొరవడినది క్రమం ఒక్కటే అనే నమ్మకం. ఆ నమ్మకం నాకిప్పటికీ పోలేదు. ఆ కొరత నాలోనూ ఉండవచ్చునని మాత్రం అప్పట్లో తోచలేదు.

కచేరీలకు పనికివచ్చే ఇళ్ళు వెదకి, కొలిచి, పటిష్ఠంగా ఉన్నవని సంతకం చేయడం నా పని. నా వంతుకు వచ్చిన వీధిలోనే మా పెదనాయన మిద్దె ఉన్నది. బంధువు ఇంటిని బంధువు పరీక్షించడం పద్ధతి కాదని మా ఇంజనీరు గారికి విన్నవించుకొన్నాను. ఆయన తల ఎత్తకుండానే, “ఈ ఊళ్ళో ప్రతి ఇల్లూ ఎవరో ఒకరి పెదనాయనదేనయ్యా, వెళ్ళి కొలిచి రా” అన్నారు.

మా పెదనాయనది కోడుమూరు వైపు సేద్యం. అక్కడ పొలం గట్ల తగాదా వస్తే ఇరువర్గాలవారూ ఆయన దగ్గరకే వచ్చేవారు. ఆయన గట్టు మీద ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ నడిచి, ఒక రాయి చూపించి, “ఇదీ” అనేవాడు. అంతటితో సరి. అంతకుమించి మాట్లాడగా నేను వినలేదు. ఇల్లు అడగడానికి ఇబ్బందిపడుతూ వెళ్ళిన నాతో, “రాజధాని మనూరికొస్తాంటే మనిల్లు ఈయకుంటే ఎట్లరా? ఎనకపక్క రెండు గదులు మాకు సాలు” అన్నాడు. పెద్దమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచే, “వాళ్ళు చెప్పులేసుకోని తిరుగుతారంట, నిజమేనాప్పా?” అని అడిగింది. నిజమేనన్నాను. ఆ రోజు ఆమె నాకు మజ్జిగ ఇవ్వడం మరచిపోయింది.

అది పది అంకణాల మట్టి మిద్దె. మూరెడున్నర మందం రాతిగోడలు, నడిమి సావడిలో నల్లమల టేకు కంబాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద పరచిన బండలు, బండల మీద మన్ను. వెలుతురు కోసం కప్పులో వదిలిన రంధ్రాన్ని మా వైపు గవాచి అంటారు. వాన వస్తే దాని మీద ఒక బండ జరుపుతారు. మట్టి మిద్దెకు ప్రాణం చౌడు. తెల్లగా, ఉప్పగా ఉండే ఆ మన్నును తొలకరికి ముందు గంపలతో పైకెక్కించి, పరచి, తొక్కి, అదిమితే చుక్క నీరు దిగదు. మా ఇంట్లో తొలి గంపకు పసుపు కుంకాలు పెట్టి పెద్దమ్మ తానే మోసుకొని ఎక్కేది. అయితే ఏటా పైన వేసే ముందు పాత మన్ను కొంత గీకి దించడం మేస్త్రీల రివాజు. మా పెద్దమ్మ దానికి ఒప్పుకొనేది కాదు. “ఇంటి మింద మన్ను లచ్చిమి రా. ఎక్కించేదే గాని దించేది ల్యా” అనేది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మిద్దె ఒక్కసారి కూడా కారలేదు. వీధిలో ఆ కీర్తి ఆమెది.

ఇప్పుడు నా తప్పు. కొలిచేనాడు నేను శ్రద్ధగానే పైకెక్కాను. చిన్నతనంలో నా ఛాతీదాకా ఉండిన పిట్టగోడ ఆ రోజు మోకాలికి వచ్చింది. నేను ఎదిగానని అనుకొన్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా. వేరే ఊరివాడైతే, ఇంత పొట్టి పిట్టగోడ ఎవరు కడతారని అనుమానించి గడ్డపారతో ఒక గుంట తవ్వి చూసేవాడు. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ మిద్దె మీద ఆడుకొన్నవాణ్ణి గనుక నాకా అవసరం కనబడలేదు. పుస్తకం తెరచి, మన్ను మందం జానెడు అని రాశాను. పాఠ్యగ్రంథాల్లో అలాగే ఉండేది.

అంతటితో ఆగినా ముప్పు లేకపోయేది. మద్రాసు నుంచి కాగితాలతోపాటు వచ్చిన హెడ్ గుమాస్తా గారు నియమనిష్ఠలు గల మనిషి, సముద్రతీరపు జిల్లాలవారు. మొదటి రోజే వీధిలో నిలబడి, మిద్దె అంచున మొలిచిన గడ్డి చూసి, “ఏమండీ, మీ వైపు పొలాలు ఇళ్ళ మీద పెట్టుకుంటారా? కింద కచేరి, పైన కొర్ర పంటా?” అన్నారు. పెదనాయన నవ్వకుండా, “మీ పక్క ఇండ్ల కిందికి నీళ్ళొస్తాయంట గదప్పా. మాకు నీళ్ళు ల్యాక పైన మన్ను పెట్టుకున్యాం” అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకొన్నట్లే కనబడింది. హెడ్ గుమాస్తా గారి కోరిక ఒక్కటే: సావడి నడుమ ఉన్న కంబం బీరువాల వరుసకు అడ్డు వస్తున్నది, దానిని తీసివేయాలి. నేను ఆ రోజంతా కూర్చొని లెక్క వేశాను. జానెడు మందానికి ఆ దూలం నడిమి కంబం లేకుండా నిలుస్తుంది. కొంత బలం మిగులుతుంది కూడా. కంబం తీయించాను. దింపుతున్నప్పుడు పెదనాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయినట్లు గొంతు సవరించుకొన్నాడు. నేను తల తిప్పి చూశాను. “నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్తే సరే” అన్నాడు. తీసిన కంబాన్ని పెరట్లో ఎద్దులను కట్టే గాటిపాక గోడకు ఆనించారు.

ఆ ఏడు కూడా తొలకరికి ముందు పెద్దమ్మ చౌడు వేయించింది. కచేరివాళ్ళకు వాన కారితే తన పరువు పోతుందని మామూలుకంటే కొంచెం ఎక్కువే వేయించిందని తర్వాత తెలిసింది. వాన మాత్రం శ్రావణమంతా మొహం చాటేసి, భాద్రపదంలో ఒక్కసారిగా దిగింది. రెండు రోజులు విడవలేదు. డేరాల్లో ఫైళ్ళను కుర్చీల మీదికెక్కించి మనుషులు నిలబడి పనిచేశారు. మా పెదనాయన మిద్దె కింద ముప్పైమందికి పైగా గుమాస్తాలు పొడిగా కూర్చొని రాసుకొంటున్నారు. ఊళ్ళో అందరూ వాళ్ళ అదృష్టాన్ని చెప్పుకొన్నారు.

మూడో రోజు ఉదయం పది దాటిన తర్వాత ఒక సాయిబు మేస్త్రి మా డేరాకు వచ్చాడు. మా ఇళ్ళలో తరతరాలుగా పనిచేసే మనిషి, కంబం దింపిందీ అతడే. నిలువెల్లా తడిసి ఉన్నాడు. సలాము చేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“సార్, మిద్దె మింద నీళ్ళు నిలిచినాయని పెద్దమ్మ పిలిస్తే పోయినా. నీళ్ళు పొయ్యే దోనె పూడిపోయుండాది, తీసినా. మిద్దె నడుమ గుంత పడుండాది సార్. నాకు అనుమానమొచ్చి గవాచి బండ జరిపి చెయ్యి పెట్టినా.”

“పెడితే?”

“ఈడికొచ్చింది” అని అతడు ఎడమచేత్తో తన కుడి భుజాన్ని తాకి చూపించాడు. చెయ్యంతా బురద. “మూడు జానలకు తక్కువ ల్యా సార్. ఇంత మన్ను నేను యాడా చూల్యా. మీరు కంబం తీపిచ్చినప్పుడు ఎంతని రాసుకున్యారు?”

పిట్టగోడ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచింది. అది పొట్టిదైపోలేదు, దాని కింద నేల పైకి లేచింది. ఏటా ఒక పొర. బల్ల మీదున్న కాగితం తిప్పి లెక్క మళ్ళీ వేశాను, మూడు పంక్తుల లెక్క. మన్ను పొడిగా ఉన్నా దూలం తన శక్తికి మించి మోస్తున్నది. తడిసిన మన్నుకు లెక్క వేయకుండానే లేచాను. ఇంజనీరు గారు జీపులో నందికొట్కూరు వైపు వెళ్ళారు, సాయంత్రం గాని రారు. మేస్త్రిని సైకిలు వెనుక ఎక్కించుకొని వానలో బయలుదేరాను. మేస్త్రి తోవంతా ఒకే మాట అన్నాడు: “నిదానం సార్, మనం పడితే శానా కష్టం.”

సావడి గడప దగ్గర ఒక బంట్రోతు నడిమి తలుపును కాలితో తన్నుతున్నాడు. పొద్దుటి నుంచి అది మూసుకోవడం లేదట. “తన్నవద్దు!” అని అరిచాను. అందరూ తలలు ఎత్తారు. నేను పైకి చూశాను. కంబం తీసిన చోట దూలం కిందికి వంగి ఉంది. దాని అడుగున, నిలువుగా, కొత్త చీలిక ఒకటి పచ్చగా కనబడుతున్నది. సన్నని మట్టి బీరువాల మీద రాలుతూ ఉంటే ఒక గుమాస్తా దానిని ఊదుకొంటూ రాస్తున్నాడు.

హెడ్ గుమాస్తా గారి దగ్గరకు వెళ్ళి వెంటనే అందరూ బయటికి రావాలన్నాను. ఆయన కలం పక్కన పెట్టారు. “ఆర్డరేదండీ?” అన్నారు.

“ఇంజనీరు గారు ఊళ్ళో లేరు. నేను చెబుతున్నాను.”

“మీరు చెబితే వింటానండీ. కాగితం మీద చెప్పండి. సాయంత్రానికి శాసనసభకు పోవలసిన జవాబులు పదకొండు ఉన్నాయిక్కడ. రేపు ఎందుకు లేచారని నన్నడుగుతారు.”

ఆయనన్నది సబబే. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. కొలతల పుస్తకంలోంచి ఒక ఆకు చించి, భారీ వర్షం కారణంగా కచేరి తక్షణం ఖాళీ చేయవలెను అని రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని చదివారు.

“వర్షం ఊరందరి మీదా పడుతోంది కదండీ. ఈ ఒక్క ఇల్లే ఎందుకు ఖాళీ చెయ్యాలి? కారణం సరిగా రాయండి. కారణం లేని ఆర్డరు ఆర్డరు కాదు.”

పైన ఏదో టప్పుమంది. మేస్త్రి నా భుజం పట్టుకొన్నాడు. ఆ ఆకు మీదే, పాత వాక్యాన్ని కొట్టివేసి ఇలా రాశాను: మన్ను మందం నేను కొలవలేదు, ఊహించి రాశాను, ఆ లెక్క తప్పు గనుక కంబం తీసిన దూలం నిలవదు. అక్షరాలు ఒక్కటీ వంకరపోలేదు. ఆ సంగతికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. హెడ్ గుమాస్తా గారు ఒకసారి చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకొని లేచి నిలబడ్డారు. “వరుసగా వెళ్ళండి. ఎవరి కాగితం వాళ్ళు తీసుకోండి. పరుగెత్తినవాడికి సెలవు కట్!” అన్నారు. ముప్పై చిల్లర మంది బడిపిల్లల్లా వరుసగా వానలోకి నడిచారు. చివరివాడు గడప దాటేదాకా ఆయన దూలం కిందే నిలబడ్డారు.

కూలీలను పైకి ఎక్కించి మన్ను దించాలంటే వాళ్ళ బరువుకే కప్పు కూలవచ్చును. ముందు కంబం నిలబెట్టాలన్నాడు మేస్త్రి. గాటిపాక నుంచి కంబం తెచ్చాం. నిలబెట్టబోతే పట్టలేదు. దూలం అప్పటికే నాలుగు వేళ్ళు దిగింది. నేను తీయించిన కంబం ఇప్పుడు ఎక్కువ పొడుగైంది. కోయడానికి వ్యవధి లేదు. కంబం కింది పీటరాయిని గడ్డపారలతో పెళ్ళగించి, అడుగున తవ్వి, పలుచటి బండ వేయసాగాం. తవ్వుతున్నంతసేపు తల మీద మట్టి రాలుతూనే ఉంది. తల ఎత్తి చూస్తే పెదనాయన కంబళి కప్పుకొని లోపలికి వచ్చి, కంబానికి భుజం ఆనించి నిలబడి ఉన్నాడు.

“పెదనాయనా, బయటికి పో” అన్నాను.

“నీ పని నువ్వు చూడు” అన్నాడు.

కంబం గుంటలో దిగింది. దానికీ దూలానికీ మధ్య మేస్త్రి ఆపుచెక్కలు పెట్టి, సుత్తితో ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టుకొంటూ బిగించాడు. ఏడో దెబ్బకు దూలం మూలిగింది. ఎనిమిదో దెబ్బ అతడు వేయలేదు. “సాలు సార్. ఇంక అది కూకుంటాది” అన్నాడు. అది కూర్చుంది. మట్టి రాలడం ఆగింది.

మన్ను దించవలసి ఉన్నది. పెద్దమ్మ పెరటి నిచ్చెన దగ్గర నిలబడి వానలో తడుస్తున్నది. ఆమే అడిగింది: “నా మన్నేనా చేసింది?” “కాదు పెద్దమ్మా, నేను చేసింది” అన్నాను. ఆమె నమ్మినట్లు లేదు. “వీధిలో మాత్రం పొయ్యద్దు. పెరట్లో పొయ్యండి” అని తానే మొదటి గంప అందుకొన్నది. సాయంత్రం దాకా అంచుల నుంచి నడిమికి గంప తరువాత గంప దించారు. పెరట్లో ఆ కుప్ప గాటిపాక కప్పును దాటింది. అంత మన్ను కింద నేను పుట్టి పెరిగానన్నమాట.

మర్నాడు ఉదయం జరిగినదంతా వివరిస్తూ మూడు ప్రతుల్లో సంజాయిషీ రాసుకొని, జేబులో పెట్టుకొని, ఇంజనీరు గారి డేరాకు వెళ్ళాను. పెదనాయన నాకంటే ముందే అక్కడ ఉన్నాడు. కంబళి ఇంకా ఆరలేదు. మన్ను ఎక్కువ ఉన్నదని తనకు తెలుసుననీ, ఇల్లు తీసుకోరేమోనని చెప్పలేదనీ వాంగ్మూలమిచ్చి, దాని కింద తెలుగులో పొందికగా సంతకం కూడా చేసేశాడు. ఇంజనీరు గారు నా వైపు చూసి, “నీకేమైనా చెప్పవలసింది ఉందా?” అని అడిగారు. జేబులో కాగితాలు గుండెకు తగులుతున్నాయి. ఉద్యోగం, కొత్తగా కుదిరిన సంబంధం, మా నాయన ముఖం, అన్నీ ఒకేసారి గుర్తుకు వచ్చాయి. “లేదండీ” అన్నాను. ఆ మూడక్షరాల మాట అనడానికి పట్టిన సమయం రెప్పపాటు. హెడ్ గుమాస్తా గారు తర్వాత ఒకసారి నన్ను ఆపి, “మీ కాగితం ఫైల్లో ఉంచానండీ. ఎవరైనా అడిగితే చూపిస్తాను” అన్నారు. ఎవరూ అడగలేదు. రాజధాని తరలినప్పుడు ఆ ఫైలు కూడా కట్టల్లో కట్టుకొని హైదరాబాదు వెళ్ళిపోయి ఉంటుంది.

డేరా నుంచి తిరిగి వస్తూ, ఎందుకు ఇలా చేశావని ఆయనను అడిగాను. “కంబం తీసేనాడే నా నోటికాడికొచ్చింది రా, మన్ను శానా ఉండాదని. చదువుకున్నోనివి, నల్గురి ముందర నీ లెక్క తప్పని ఎట్లంటానని ఊరుకున్యా. అది దాచినట్లు కాదా?” అన్నాడు. ఆ తర్వాత, “నీకు ముందర శానా కాలముండాది. నాకేముండాది, నాలుగు వానలు” అన్నాడు. ఆయనకు ఇంకా పదకొండు వానలు మిగిలి ఉన్నాయి. ఆ పదకొండేళ్ళలో గట్టు తగాదాకు ఆయనను పిలిచినవారు లేరు. సర్కారుకే పుచ్చిన ఇల్లు అంటగట్టినవాడు మనకు రాయి ఏం చూపిస్తాడని ఊళ్ళో అనుకొన్నారట. నేను ఆ ఏళ్ళన్నీ క్రమం తప్పకుండా పదోన్నతులు పొందుతూ, నా కింది వారి కొలతల పుస్తకాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్దుతూ గడిపాను.

నాకు గుర్తున్నంతవరకు ఇదీ జరిగినది. మన్ను మూడు జానలని రాశాను. అది మేస్త్రి చేతి కొలత, నేను టేపు పెట్టి చూడలేదు. కచేరిలో ఉన్నవారు ఎంతమందో, ఆపుచెక్కకు దెబ్బలు ఏడో తొమ్మిదో, వాన పట్టింది ఏ పక్షంలోనో, నా జ్ఞాపకం పొరబడి ఉండవచ్చును. ఆ గుమాస్తాల ఇళ్ళలోగాని, ఆ మేస్త్రి ఇంటివారిలోగాని, ఈ కథ మరొక విధంగా విన్నవారుంటే దయచేసి నా తప్పులు దిద్దండి. నా వయసు చూసి, చదువు చూసి ఊరుకోవద్దు. నలుగురి ముందరే చెప్పండి. తప్పు నాది అనే ఒక్క మాట అనడానికి అరవై ఏళ్ళు తీసుకొన్నవాడికి ఇంకా వ్యవధి కావాలని కాలాన్ని అడిగే హక్కు లేదు.